రెయిడ్-5లో ఒక డిస్కు పోయింది, ఏ ట్రే లాగాలి? (కావలి, 4 టీబీ డిస్కులు నాలుగు)

కావలి_కుర్రోడు · శుక్రవారం రాత్రి 9:12

అన్నలకు, అక్కలకు నమస్కారం. స్కానింగ్ సెంటర్ సర్వరు. 4 టీబీ డిస్కులు నాలుగు, లైనక్స్ సొంత రెయిడ్ సాఫ్ట్‌వేరు ఎండీతో రెయిడ్-5 (నాలుగూ కలిసి ఒకే అర్రే, ఒకటి పోయినా మిగతా మూడింటి నుంచి డేటా లెక్కగట్టొచ్చు), పైన ఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్. నిండింది 6.8 టీబీ. సిస్టమ్ వేరే ఎస్‌ఎస్‌డీ మీద ఉంది. పొద్దున్నుంచి అర్రే స్థితి చూపే ఎండీస్టాట్‌లో నాలుగు యూలు (బాగున్న డిస్కుకి ఒకటి) ఉండాల్సిన చోట యూ, యూ, కింది గీత, యూ అని వస్తోంది. డిస్కులకి లైనక్స్ ఇచ్చిన పేర్లు ఎస్‌డీఏ నుంచి ఎస్‌డీడీ దాకా, వాటిలో ఎస్‌డీసీ పక్కన ఎఫ్ (ఫెయిల్) గుర్తు. బ్యాకప్ యూఎస్‌బీ డిస్కుల్లో ఉంది గానీ పది రోజుల పాతది. కొత్త 4 టీబీ డిస్కు ఒకటి తెప్పించి పెట్టా. ట్రేలు ముందు నుంచి లాగే రకమే, కానీ దేనికీ ఎర్ర లైటు వెలగడం లేదు. మూడో ట్రే లాగి కొత్తది దూర్చేదా? రేపు పొద్దున 7కి పేషెంట్లు వస్తారు.

పెన్నా_గట్టు · 9:25

ఆగబ్బాయ్, ట్రే మీద చెయ్యి పెట్టబాక. రెయిడ్-5 ఒక్క డిస్కు పోతేనే తట్టుకుంటుంది, ఆ ఒక్కటీ పొద్దున్నే అయిపోయింది. మిగతా మూడింట్లో ఏది లాగినా మొత్తం కూలబడుద్ది. ఇప్పుడు భయపడాల్సింది చచ్చిన డిస్కుని చూసి కాదు, దాన్ని మార్చే చేతిని చూసి.

ఎస్‌డీసీ అంటే మూడో ట్రే అని ఎవరు చెప్పారు? కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) ఏ వరసలో డిస్కుల్ని కనుక్కుంటే ఆ వరసలో అక్షరాలు ఇస్తుంది. రీబూట్ చేస్తే మారొచ్చు కూడా. మదర్‌బోర్డు పోర్టుల వరసకీ ట్రేల వరసకీ పొంతన ఉండాలని లేదు. నమ్మాల్సింది సీరియల్ నంబరొక్కటే.

రీబూట్ కూడా చేయబాక. ముందు ఇవి తీసి ఇక్కడ పెట్టు: ఎండీఏడీఎం (ఎండీని నడిపే ఆదేశం) డీటెయిల్, నాలుగు డిస్కులకీ స్మార్ట్‌సీటీఎల్ (డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే స్మార్ట్ అంకెలు చూపేది) పూర్తి రిపోర్టు, కెర్నల్ లాగ్‌లో ఎస్‌డీసీ పేరున్న వరసలు. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో దాచు. ఆ అర్రేలో మాత్రం కాదు.

కావలి_కుర్రోడు · 10:05

ఇవిగో అన్నా. నాలుగూ ఒకే మోడల్, ఒకేసారి కొన్నవి, నడిచిన గంటలు 41,000 పైనే.
ఎస్‌డీఏ: 5వ గుణం 0, 197 కూడా 0, 199 కూడా 0.
ఎస్‌డీబీ: 5 → 0, 197 → 0, 199 → 1,840.
ఎస్‌డీసీ (పోయింది): 5 → 312, 197 → 48, 199 → 0.
ఎస్‌డీడీ: 5 → 0, 197 → 8, 199 → 0.
లాగ్‌లో ఎస్‌డీసీకి టైమవుట్, లింక్ రీసెట్, ఆ తర్వాత రీడ్ ఎర్రర్ అని వరసగా ఉండాయి.

పెన్నా_గట్టు · 10:21

మంచి పని చేశావు. కొత్తవాళ్ల కోసం ఒక మాట. 5 అంటే పాడై మారు చోటికి మార్చిన సెక్టార్లు. 197 అంటే చదవడానికి మొరాయిస్తూ ఇంకా తేలకుండా ఉన్నవి. 199 అంటే డిస్కుకీ కంట్రోలర్‌కీ మధ్య దారిలో చెడిన డేటా, అంటే కేబుల్ గానీ కనెక్టర్ గానీ బాగాలేదు.

ఎస్‌డీసీ నిజంగానే పోయింది, దాన్ని నిలబెట్టే ప్రయత్నం వద్దు. ఎస్‌డీబీ డిస్కు బాగానే ఉంది, పాడైంది తీగ. అసలు చిక్కు ఎస్‌డీడీతో. అక్కడున్న 8 పెండింగ్ అంటే 512 బైట్ల లెక్కన ఎనిమిది, ఒక 4 కేబీ భౌతిక సెక్టారు. నాలుగు డిస్కులూ ఉన్నప్పుడైతే ఎండీ మిగతా మూడింటి నుంచి లెక్కగట్టి అక్కడ తిరగరాసేది, నీకు తెలిసేది కూడా కాదు. ఇప్పుడు ఆ లెక్కకి ఎస్‌డీసీ లేదు. కొత్త డిస్కు దూర్చి రీబిల్డ్ (మిగతావాటి నుంచి లెక్కగట్టి కొత్తదాన్ని నింపడం) మొదలెడితే అది ఆ సెక్టారు దగ్గరికొచ్చి తన్నుకుంటుంది.

చీమకుర్తి_గెలాక్సీ · 10:30

తన్నుకుంటే ఏమవుద్ది అన్నా? ఆ 4 కేబీ పోద్ది, అంతే గదా?

పెన్నా_గట్టు · 10:38

అది అర్రే సూపర్‌బ్లాక్‌లో (డిస్కు మీద ఉండే రెయిడ్ గుర్తులు) బ్యాడ్ బ్లాక్ లాగ్ (చెడు చోట్ల పట్టిక) ఉందా లేదా అన్నదాన్ని బట్టి. ఎండీఏడీఎం ఎగ్జామిన్ కొడితే బ్యాడ్ బ్లాక్ లాగ్, 512 ఎంట్రీలు అని వరస కనిపించాలి. ఉంటే ఆ చోటు రాసిపెట్టుకుని ముందుకెళ్తుంది. లేకపోతే ఎస్‌డీడీనే బయటికి గెంటుతుంది. అప్పుడు నాలుగింట్లో రెండు లేనట్టే. 4 కేబీ కోసం 6.8 టీబీ కింద పడుద్ది.

ఒంగోలు_గిత్త · 10:44

ఇందుకే రెయిడ్-5 పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి. డిస్కు కాగితం మీద 1 పక్కన 14 సున్నాల బిట్లకి ఒక చదవలేని ఎర్రర్ అని రాసి ఉంటుంది. అంటే 12.5 టీబీ. మూడు 4 టీబీ డిస్కులు పూర్తిగా చదవాలంటే 12 టీబీ. లెక్క సరిపోయింది, రీబిల్డ్ ఫెయిల్.

పొదలకూరు_నిమ్మ · 10:52

గిత్త గారూ, ఆ అంకె అట్టా చదివేది కాదండీ. అంతకు మించి ఎర్రర్లు రావు అని కంపెనీ ఇచ్చే హామీ అది, 12.5 టీబీ చదవగానే ఒకటి వచ్చి తీరుతుందని కాదు. నెలనెలా మొత్తం చదివించి చూసే అర్రేల్లో పెండింగ్ సెక్టార్లు పేరుకోవు, అందుకే రీబిల్డ్ సాఫీగా అయిపోతుంది. ఇక్కడ ఆ చెక్ నడిచినట్టు లేదు. నడిచి ఉంటే ఎస్‌డీడీ సంగతి ఎప్పుడో తేలేది. తప్పు రెయిడ్-5ది కొంతే.

ఇప్పుడు కావాల్సింది వరస. తమ్ముడూ, ఈ రాత్రికి ఇవి చెయ్యి:

స్కాన్ మిషన్ నుంచి సర్వరుకి ఫైళ్లు రావడం ఆపు. చాలా మిషన్లకి సొంత డిస్కులో రెండు మూడు రోజులకి సరిపడా చోటుంటుంది, రేపు పేషెంట్లవి అక్కడే ఉండనీ. సర్వరులో వాల్యూమ్‌ని రీడ్-ఓన్లీగా మళ్లీ మౌంట్ చెయ్యి. తర్వాత, బ్యాకప్‌లో లేని ఆ పది రోజుల ఫైళ్లు మాత్రమే యూఎస్‌బీకి కాపీ చెయ్యి.

ఒంగోలు_గిత్త · 10:57

పది రోజులవి మాత్రమే ఎందుకు? మొత్తం 6.8 టీబీ కాపీ చేసుకోమనండి. ముందు బ్యాకప్, తర్వాతే ఏదైనా. అది రూలు.

పొదలకూరు_నిమ్మ · 11:06

రూలు సరే. మొత్తం కాపీ చేస్తే ఎస్‌డీడీలో ఆ చెడు సెక్టారు కూడా చదవాల్సి వస్తుంది, పెన్నా గట్టు అన్న చెప్పిన గెంటుడు అప్పుడే మొదలవుతుంది. పది రోజుల ఫైళ్లు కొద్దిపాటివి, ఆ సెక్టారు వాటిలో పడే అవకాశం తక్కువ. పాతవి ఎటూ బ్యాకప్‌లో ఉన్నాయి. అవి దాచుకున్నాక అర్రే ఆపేసి, ఎస్‌డీడీని సెక్టారుకి సెక్టారుగా కొత్త డిస్కు మీదికి దించాలి, డీడీరెస్క్యూతో. అది ఎర్రర్ వచ్చిన చోట ఆగకుండా పక్కకి దాటి మిగతాదంతా తెస్తుంది. ఆ కాపీని ఎస్‌డీడీ స్థానంలో నిలబెట్టి, అప్పుడు ఎస్‌డీసీ బదులు ఇంకో కొత్త డిస్కు ఇవ్వాలి.

అంటే కొత్తవి రెండు కావాలి, ఒకటి చాలదు.

కావలి_కుర్రోడు · 11:15

అక్కా, పది రోజులవి 58 జీబీ ఉండాయి, కాపీ పెట్టా. బ్యాడ్ బ్లాక్ లాగ్ వరస కూడా కనిపించింది, ఉంది. నేను కొన్న డిస్కు సీగేట్ బారాకుడా, ఎస్‌టీ4000డీఎం004. ఇదే ఇంకోటి తెప్పించేదా?

మాగుంట_లేఔట్ · 11:23

వద్దు. ఉన్నదాన్ని కూడా వెనక్కి ఇచ్చెయ్. అది ఎస్‌ఎంఆర్ డిస్కు. ట్రాకుల్ని ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కించి రాస్తారు. ఒక చోట మార్చాలంటే పక్క ట్రాకులన్నీ మళ్లీ రాయాలి. రోజూ ఇంట్లో వాడుకి ఫరవాలేదు. రీబిల్డ్‌లో గంటల తరబడి రాస్తుంటే లోపలి క్యాష్ నిండి వేగం పడిపోద్ది, టైమవుట్లు వస్తాయి, కంట్రోలర్ డిస్కు పోయిందనుకుంటుంది. పెట్టె మీద ఎన్‌ఏఎస్ (నెట్‌వర్క్ స్టోరేజీకి చేసినది) అని ఉన్నా గుడ్డిగా నమ్మొద్దు. వెస్టర్న్ డిజిటల్ రెడ్ వరసలో 2 నుంచి 6 టీబీ డిస్కులు కొన్ని ఎస్‌ఎంఆర్ అని 2020లో బయటపడ్డాకే రెడ్ ప్లస్ అని సీఎంఆర్ (ట్రాకులు ఎక్కించని మామూలు రకం) వాటికి వేరే పేరు పెట్టారు. రెడ్ ప్లస్ గానీ సీగేట్ ఐరన్‌వుల్ఫ్ గానీ తీసుకో. నెల్లూరులో దొరక్కపోతే చెన్నై రిచీ స్ట్రీట్‌లో పొద్దున చెబితే సాయంత్రానికి బస్సులో వేసేస్తారు.

ఇంకా చూడాల్సినవి:

సైజు. పాత 4 టీబీ డిస్కు 7,814,037,168 సెక్టార్లు, కొత్తది అంతకు ఒక్క సెక్టారు కూడా తగ్గకూడదు. పేరున్న కంపెనీల 4 టీబీ డిస్కులన్నీ దాదాపు ఇదే అంకెకి వస్తాయి, అయినా చూసుకో. పెద్దది పెట్టినా పని చేస్తుంది, మిగిలిన చోటు ఉత్తదే.

గంటలు. పెట్టె తెరవగానే స్మార్ట్‌లో పవర్ ఆన్ గంటలు చూడు, ఒకటీ రెండూ ఉండాలి. సున్నా ఉన్నా పూర్తిగా నమ్మకం లేదు. 2025 మొదట్లో వాడేసిన సీగేట్ డిస్కుల స్మార్ట్ అంకెలు చెరిపి కొత్తవిగా అమ్మిన సంగతి యూరప్‌లో బయటపడింది. సీగేట్ డిస్కుల్లో ఫార్మ్ అనే వేరే లాగ్ ఉంటుంది, స్మార్ట్‌సీటీఎల్ 7.4 నుంచి చదువుతుంది. రెండింట్లో గంటలు ఒకటే అయితే సరే.

రెండూ ఒకే షాపులో ఒకే లాటువి కాకుండా చూసుకో. కుదరకపోతే కంపెనీ అయినా మార్చు.

కొత్తపట్నం_కెరటం · 11:31

లాటు మాట చాదస్తం కాదు. హెచ్‌పీఈ వాళ్ల కొన్ని ఎస్‌ఏఎస్ ఎస్‌ఎస్‌డీలు ఫర్మ్‌వేర్ తప్పు వల్ల సరిగ్గా 32,768 గంటలకి చచ్చిపోతాయని 2019 నవంబరులో కంపెనీయే ప్రకటించింది. మూడేళ్ల తొమ్మిది నెలలన్నమాట. ఒకే రోజు ఆన్ చేసిన డిస్కులు ఒకే రోజు పోతే ఏ రెయిడ్ కాపాడుద్ది?

చీమకుర్తి_గెలాక్సీ · 11:40

మధ్యలో దూరుతున్నా, ఇదే రకం సందేహం. మెగారెయిడ్ రకం కార్డు (రెయిడ్‌ని కార్డే నడుపుద్ది), 6 డిస్కులు, రెయిడ్-6 (రెండు పోయినా తట్టుకునేది). ఒకటి ఫెయిల్డ్. పక్క సర్వరులో ఖాళీగా ఉన్న డిస్కు తెచ్చి పెడితే ఫారిన్ అంటోంది. ఇంపోర్ట్, క్లియర్ అని రెండు అడుగుతోంది. ఏది నొక్కాలి?

ఒంగోలు_గిత్త · 11:49

ఆ ఒక్క డిస్కే ఫారిన్ అంటే దాని మీద పాత సర్వరు రెయిడ్ గుర్తులు ఇంకా ఉండాయని. దాంట్లో పనికొచ్చేది ఏమీ లేకపోతే క్లియర్. అప్పుడు అన్‌కాన్ఫిగర్డ్ గుడ్ అవుతుంది. ఆపైన దాన్ని హాట్ స్పేర్‌గా (సిద్ధంగా ఉండే మారు డిస్కుగా) ఇస్తే రీబిల్డ్ తనే మొదలెడుతుంది.

అదే కార్డు మార్చినప్పుడు, లేక డిస్కులన్నీ వేరే పెట్టెలోకి తరలించినప్పుడు ఆరింటికి ఆరూ ఫారిన్ అంటాయి. అప్పుడు ఇంపోర్ట్. అప్పుడు క్లియర్ నొక్కితే రెయిడ్ గుర్తులన్నీ చెరిగిపోతాయి. తెర మీద రెండు సందర్భాల్లోనూ కనిపించేది ఒకటే మాట, జాగ్రత్త.

ఇంకోటి. ఫెయిల్డ్ అయిన డిస్కుని ఫోర్స్ ఆన్‌లైన్ చేసే అవకాశం కార్డు ఇస్తుంది. నొక్కమాక. అది బయట ఉన్నంతసేపు మిగతావాటి మీద రాసిన కొత్త డేటా దాని మీద ఉండదు. లోపలికి రాగానే పాతదీ కొత్తదీ కలిసి ఫైల్‌సిస్టమ్ గల్లంతు.

డిస్కు లాగే ముందు కార్డు మెనూలో లొకేట్ నొక్కితే ఆ ట్రే లైటు మినుకుతుంది. హెచ్‌పీ స్మార్ట్ క్యారియర్ ట్రేల మీద తీయొద్దు అని చెప్పే తెల్ల లైటు వేరే ఉంటుంది. అది వెలుగుతున్న ట్రే లాగితే రెయిడ్ కూలుతుందని దానర్థం. చీమకుర్తి కాబట్టి అడుగుతున్నా, ఫ్యాన్ల మీద రాతిపొడి ఎంత మందాన ఉంది? డిస్కుల వేడి ఎంత?

చీమకుర్తి_గెలాక్సీ · 11:55

క్లియర్ చేశా, రీబిల్డ్ మొదలైంది. వేడి 51, 53, 52... పొడి సంగతి అడగబాకండి.

ఒంగోలు_గిత్త · 11:58

60 దాకా ఓర్చుకుంటాయని కంపెనీలు రాస్తాయి గానీ రీబిల్డ్‌లో అది ఇంకా పెరుగుద్ది. రాత్రికి ఏసీ ఆపకుండా ఉంచు. బ్లోయర్ మాత్రం ఇప్పుడు పట్టుకోమాక. డిస్కులు తిరిగేటప్పుడు ఊదితే పొడి పోయి కనెక్టర్లలో దూరుద్ది. రీబిల్డ్ అయ్యాక, ఆఫ్ చేసి, బయటికి తీసుకెళ్లి ఊదు. డిస్కు మీద చిన్న గాలి రంధ్రం ఉంటుంది, దాని పక్కనే మూయొద్దని రాసి ఉంటుంది. దాని మీద స్టిక్కర్ అంటించబాక.

కావలి_కుర్రోడు · శనివారం ఉదయం 11:20

58 జీబీ కాపీ సాఫీగా అయింది. రాత్రే అన్‌మౌంట్ చేసి అర్రే ఆపా, మిషన్ ఆఫ్ చేయలేదు. ఐరన్‌వుల్ఫ్ ఒకటి, రెడ్ ప్లస్ ఒకటి వచ్చాయి, గంటలు సున్నా, సెక్టార్లు సరిపోయాయి. ఇప్పుడు కరెంటు ఉండగానే లాగొచ్చా, ఆఫ్ చేయాలా?

పెన్నా_గట్టు · 11:34

బ్యాక్‌ప్లేన్ (ట్రేలు నేరుగా గుచ్చుకునే బోర్డు) ఉన్న సర్వరైతే ఉండగానే లాగొచ్చు. సాటా కనెక్టర్‌లో గ్రౌండ్ పిన్నులు పొడుగ్గా ఉండేది అందుకే, ముందు అవి తగిలి తర్వాత కరెంటు తగులుతుంది. నీది టవరు, మామూలు ఎస్‌ఎంపీఎస్ తీగలతో బిగించింది. బయోస్‌లో హాట్‌ప్లగ్ ఆన్ అయి ఉందో లేదో కూడా తెలీదు. ఆఫ్ చెయ్యి. నాలుగున్నరేళ్లు ఆగకుండా తిరిగిన డిస్కు ఆపితే మళ్లీ లేవదేమో అన్న భయం నిజమే, అందుకే ఆ పది రోజుల కాపీ ముందు చేయించింది.

ఉండగానే లాగే మిషన్ ఉన్నవాళ్లకి: ముందు ఎండీఏడీఎంలో ఫెయిల్, రిమూవ్ చేయండి. తర్వాత ట్రే గడియ తీసి ఒక అంగుళం మాత్రం లాగి అర నిమిషం ఆగండి. 7,200 ఆర్‌పీఎం అంటే సెకనుకి 120 చుట్లు. పళ్లెం ఆగకముందే చేత్తో ఒంపితే డిస్కు లోపల గీసుకుంటుంది. చచ్చిందే గదా అనుకోవద్దు, దాంట్లోంచి ఇంకా ఏదో చదవాల్సి రావొచ్చు.

ఆఫ్ చేసే ముందు నాలుగు డిస్కుల సీరియల్ నంబర్లూ కాగితం మీద రాసుకో, ఎస్‌డీఏ ఇది, ఎస్‌డీబీ ఇది అని. ఆఫ్ చేశాక ట్రేలు ఒక్కొక్కటీ లాగి స్టిక్కర్ మీద నంబరు చూసి అదే చోట పెట్టు. నంబరులో చివరి నాలుగు అక్షరాలు మార్కర్‌తో తెల్ల టేపు మీద రాసి ట్రే మూతికి అంటించు. ఫోన్‌లో ఫొటో తీసుకో.

కావలి_కుర్రోడు · మధ్యాహ్నం 12:08

అన్నా, ఎస్‌డీసీ రెండో ట్రేలో ఉంది. మూడోది ఎస్‌డీడీ.

పెన్నా_గట్టు · 12:10

చూశావా.

పొదలకూరు_నిమ్మ · 12:19

ఇక క్లోనింగ్ వరస, తొందర పడకుండా:

రెండో ట్రేలో ఎస్‌డీసీ తీసి పక్కన పెట్టు, దాని చోట మొదటి కొత్త డిస్కు పెట్టు. ఆన్ చెయ్యి. అర్రే తనంతట తాను లేచి ఉంటే మళ్లీ ఆపు. అక్షరాలు మారి ఉండొచ్చు, కాబట్టి సీరియల్ నంబరుతో ఉండే పేర్లు, అంటే డిస్క్ కింద బై-ఐడీ ఫోల్డర్‌లోవి, అవే వాడు. డీడీరెస్క్యూలో ముందు రాసేది మూలం, తర్వాత రాసేది గమ్యం. తారుమారైతే మంచి డిస్కు మీద ఖాళీ డిస్కు రాసుకుంటావు. ఎంటర్ కొట్టే ముందు రెండు నంబర్లూ కాగితంతో పోల్చి పైకి చదువు, పక్కన ఎవరైనా ఉంటే వాళ్లని వినమను.

మొదటి విడత డైరెక్ట్ మోడ్‌లో, చెడు చోట పట్టుబట్టకుండా. రెండో విడత మూడు సార్లు ప్రయత్నించమని. మ్యాప్ ఫైలు ఎస్‌ఎస్‌డీ మీద పెట్టు, కరెంటు పోయినా వదిలిన చోటి నుంచి మొదలవుతుంది. 4 టీబీ సగటున సెకనుకి 150 ఎంబీ చొప్పున ఏడున్నర గంటలు. లోపలి ట్రాకులకి వచ్చేసరికి వేగం బయటి వాటిలో సగానికి పడిపోతుంది, ఆగిపోయిందని కంగారు పడబాక.

క్లోన్ అయ్యాక ఆఫ్ చేసి పాత ఎస్‌డీడీ తీసెయ్యి. ఇది మరిచిపోవద్దు. క్లోన్‌కీ పాతదానికీ ఒకే గుర్తింపు ఉంటుంది, రెండూ తగిలించి ఆన్ చేస్తే ఎండీ ఏది తీసుకుంటుందో చెప్పలేం. క్లోన్‌ని ఏ ట్రేలో పెట్టినా పట్టింపు లేదు, దాని స్థానం దాని మీదే రాసుంటుంది. ఎస్‌డీబీ తీగ కూడా అప్పుడే మార్చు.

మాగుంట_లేఔట్ · 12:27

కొత్తది తిరగకపోతే చచ్చిందనుకుని షాపుకి పరిగెత్తబాక. కొన్ని ఎంటర్‌ప్రైజ్ డిస్కులకి సాటా పవర్ మూడో పిన్ను మీద 3.3 వోల్టులు వస్తే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది, పాత ఎస్‌ఎంపీఎస్‌లు అక్కడ 3.3 ఇస్తాయి. ఆ పిన్ను మీద కాప్టాన్ టేపు సన్నగా అంటిస్తే సరిపోద్ది. మోలెక్స్ నుంచి సాటాకి మార్చే తీగ వాడితే పోత పోసిన తల ఉన్న చవక రకం వద్దు, అవి లోపల తగిలి కాలిన ఫొటోలు బోలెడు. ఐరన్‌వుల్ఫ్‌కి, రెడ్ ప్లస్‌కి ఈ గొడవ ఉండకపోవచ్చు, తెలిసి ఉండాలని చెప్పా.

తీగ సంగతి: కావలి, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి కనెక్టర్లు మసకబారతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక బిగించు. 1,840 అన్నది తగ్గదు, అది జీవితకాలం లెక్క. పెరగకుండా ఉంటే చాలు.

కొత్తపట్నం_కెరటం · 12:41

జడ్‌ఎఫ్‌ఎస్ (రెయిడ్, ఫైల్‌సిస్టమ్ రెండూ కలిసినది) వాడేవాళ్లకి ఒక్క ముక్క. పాత డిస్కు బదులు కొత్తది పెట్టే ఆదేశం రీప్లేస్. యాడ్ కాదు. యాడ్ చేస్తే అది పూల్‌కి (డిస్కులన్నీ కలిసిన నిల్వకి) కొత్త భాగంగా చేరిపోతుంది, ఒంటి డిస్కుగా, అది పోతే పూల్ మొత్తం పోతుంది. పొందిక కుదరలేదని హెచ్చరిస్తుంది, చాలామంది బలవంతం ఆప్షన్ పెట్టి మళ్లీ కొడతారు. రెయిడ్-జడ్ (జడ్‌ఎఫ్‌ఎస్‌లో రెయిడ్-5 లాంటిది) ఉన్న పూల్ నుంచి దాన్ని మళ్లీ తీయడం కుదరదు. డేటా వేరేచోటికి తీసి పూల్ కొత్తగా కట్టుకోవడమే. హెచ్చరిక వచ్చిందంటే ఆదేశం తప్పని అర్థం.

ఇంకో సుఖం, పాత డిస్కు ఇంకా కొనఊపిరితో ఉంటే దాన్ని తీయకుండానే పక్క పోర్టులో కొత్తది పెట్టి రీప్లేస్ చెయ్యొచ్చు. నిండిన మేరకే కాపీ అవుతుంది, ఖాళీ చోటు ముట్టుకోదు.

పెన్నా_గట్టు · 12:50

ఎండీఏడీఎంలోనూ రీప్లేస్ ఉంది, ఎవరూ వాడరు. డిస్కు మీద పెండింగ్ సెక్టార్లు కనిపించిన రోజునే, ఇంకా గెంటకముందే, కొత్తది స్పేర్‌గా చేర్చి రీప్లేస్ అనాలి. కొత్తది పూర్తిగా నిండేదాకా పాతది ఉద్యోగంలోనే ఉంటుంది, పాతది చదవలేని చోట మిగతావి పూరిస్తాయి. డిస్కు పోతే తట్టుకునే శక్తి ఒక్క క్షణం కూడా పోదు. ముందు ఫెయిల్ చేసి తర్వాత యాడ్ చేసే అలవాటు మానుకోండి.

కావలి_కుర్రోడు · రాత్రి 9:36

క్లోన్ అయింది. 4096 బైట్లు తప్ప అన్నీ వచ్చాయి. మూడు ప్రయత్నాల్లోనూ ఆ ముక్క రాలేదు. పాత ఎస్‌డీడీ బయట పెట్టా, తీగ మార్చా.

పొదలకూరు_నిమ్మ · 9:48

బ్రహ్మాండం. ఇప్పుడు అర్రేని రీడ్-ఓన్లీగా లేపు. క్లోన్, ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, మూడే కనిపించాలి. లేవకపోతే ఇక్కడ అడుగు. ఏం జరిగినా క్రియేట్ ఆదేశం కొట్టబాక. అది పాత రెయిడ్ గుర్తుల మీద కొత్తవి రాసేస్తుంది; డిస్కుల వరస, చంక్ (ముక్క) సైజు, డేటా మొదలయ్యే చోటు, వీటిలో ఒక్కటి తేడా వచ్చినా డేటా గల్లంతు. లేచాక ఈ2ఎఫ్‌ఎస్‌సీకేని (ఎక్స్‌టీ4ని సరిచూసే ఆదేశం) ఏమీ మార్చకుండా చూసే పద్ధతిలో నడుపు. శుభ్రంగా వస్తే రీడ్-రైట్ చేసి రెండో కొత్త డిస్కుని యాడ్ చెయ్యి.

యాడ్‌కి ముందు రెండు చిన్న పనులు. డిస్కు ఎర్రర్ వచ్చినప్పుడు ఎంతసేపు ప్రయత్నించాలో ఎస్‌సీటీ ఈఆర్‌సీ చెబుతుంది. ఎన్‌ఏఎస్ డిస్కులకి 7 సెకన్లు పెట్టు, స్మార్ట్‌సీటీఎల్‌లో 70 అని రాస్తే 7 సెకన్లే. ఈఆర్‌సీ లేని పాత డిస్కులకి కెర్నల్ టైమవుట్ 30 నుంచి 180కి పెంచు. మామూలు డిస్కు ఒక సెక్టారు కోసం రెండు నిమిషాలు తంటాలు పడుద్ది, 30 సెకన్లకే కెర్నల్ విసిగి లింకు రీసెట్ చేస్తుంది, ఎండీ దాన్ని గెంటుతుంది. నీ లాగ్‌లో ఎస్‌డీసీకి జరిగింది అదే. ఇవి ఆఫ్ చేస్తే పోతాయి, బూట్ స్క్రిప్టులో పెట్టుకో.

ఒంగోలు_గిత్త · 9:55

యూపీఎస్ ఎంతసేపు వస్తుంది? ఒక డిస్కు తక్కువగా ఉండగా రాస్తూ రాస్తూ కరెంటు పోతే ఎండీ మళ్లీ తనంతట తాను లేవదు, డర్టీ డిగ్రేడెడ్ అని మొండికేస్తుంది, బలవంతంగా లేపాలి, ఏ స్ట్రైప్ (డిస్కులన్నిటి మీదా పరిచి రాసే ఒక వరస) సగంలో ఆగిందో తెలీదు. పద్ధతిగా షట్‌డౌన్ అయితే మాత్రం రీబిల్డ్ ఆగిన చోటి నుంచే మొదలవుతుంది.

కావలి_కుర్రోడు · 10:20

యూపీఎస్ 25 నిమిషాలు, బ్యాటరీ తగ్గితే షట్‌డౌన్ అయ్యేట్టు పెట్టి ఉంది. ఈ2ఎఫ్‌ఎస్‌సీకే శుభ్రం. యాడ్ చేశా. సెకనుకి 164 ఎంబీ, ఆరు గంటల 40 నిమిషాలు అంటోంది.

పెన్నా_గట్టు · 10:24

తొమ్మిది పైనే పట్టుద్ది, పడుకో. స్పీడ్ లిమిట్ మినిమమ్‌ని (రీబిల్డ్ కనీస వేగం) ముట్టుకోబాక, సోమవారం దాకా టైముంది నీకు.

కావలి_కుర్రోడు · ఆదివారం ఉదయం 9:02

యూ యూ యూ యూ. ఎస్‌డీబీ 199 ఇంకా 1,840 దగ్గరే ఉంది. మరి ఆ పోయిన 4096 బైట్లు ఏ ఫైల్లో ఉన్నాయో ఎట్టా తెలిసేది?

పొదలకూరు_నిమ్మ · 9:30

క్లోన్‌లో ఆ చోట సున్నాలు ఉన్నాయి. రీబిల్డ్ ఆ సున్నాలు నిజమనుకుని కొత్త డిస్కులో అదే చోట కూడా తప్పు లెక్క రాసింది. ఆ స్ట్రైప్‌లో రెండు డిస్కుల్లో ఒకదాని మీద పారిటీ (లెక్కగట్టడానికి రాసే అదనపు ముక్క) పడి ఉంటే చెడింది 4 కేబీ, రెండింటి మీదా డేటా ఉంటే రెండు చోట్ల 4 కేబీలు. ఖాళీ చోటైతే అసలేమీ లేదు. బ్యాకప్‌తో ఆర్‌సింక్‌ని (ఫైళ్లు పోల్చి కాపీ చేసే ఆదేశం) చెక్‌సమ్ ఆప్షన్‌తో (ఫైలు లోపలి డేటానే పోల్చేది), రాయకుండా పోల్చి చూపించే పద్ధతిలో నడుపు. పాత ఫైళ్లు మారవు గాబట్టి తేడా చూపించిన ఫైలే అది, బ్యాకప్ నుంచి తెచ్చుకో. ఈ పోలిక అయ్యేదాకా పాత బ్యాకప్ మీద కొత్త బ్యాకప్ రాయబాక.

బయట ఉన్న ఎస్‌డీసీ, పాత ఎస్‌డీడీ రెండూ నెలరోజులు ఉండనీ. ఫైలు బ్యాకప్‌లో లేదని తేలితే, అదే చోట ఎస్‌డీసీ మీద చదవగలిగితే లెక్కగట్టుకునే దారి ఇంకా ఉంది.

మాగుంట_లేఔట్ · 9:41

నెల తర్వాత వాటిని తూకానికి వెయ్యొద్దు. పేషెంట్ల పేర్లు, వయసులు, రిపోర్టులు ఉంటాయి. పలికే డిస్కుకి సెక్యూర్ ఎరేజ్, పలకనిదానికి డ్రిల్లింగ్ మిషన్, పళ్లెం దాకా మూడు చిల్లులు. వారంటీ ఉందని చెరపకుండా పంపబాక.

కావలి_కుర్రోడు · 9:50

సరే అన్నా. నెలకోసారి చెక్ ఎట్టా పెట్టాలి?

పెన్నా_గట్టు · 9:58

డెబియన్ అయితే పెట్టే ఉంటుంది, నెలలో మొదటి ఆదివారం రాత్రి తనే మొదలవుద్ది. ఎవరో ఆపి ఉంటారు, క్రాన్‌లో (వేళకి పనులు నడిపేది) చూడు. వచ్చే ఆదివారమే మొదటిది. ఈలోగా ఆ ఆర్‌సింక్ పోలిక అయిపోకపోతే ఆ ఒక్కసారికి ఆపుకో, రెండూ కలిసి నడిస్తే రెండూ కదలవు. చెక్ అయ్యాక మిస్‌మ్యాచ్ (లెక్క కుదరని చోట్లు) అంకె ఎంతొచ్చిందో ఇక్కడ పెట్టు.